చిన్న మొత్తమను ఎఱ

ధనము లేనివాని యాశ దోషము కాదు. ఆ యాశను బేరమునకు పెట్టువాని నేర్పు దోషము. ఈ నేర్పు కాలమునుబట్టి వేషము మార్చుకొనుచుండును. ఒకనాడది లాటరీ చీటిగా వచ్చినది. ఒకనాడు గుఱ్ఱపు పందెముగా వచ్చినది. నిన్నమొన్న సెల్‌ఫోనులోని పేకాటగా వచ్చినది. 2017వ సంవత్సరమున తెలంగాణ ప్రభుత్వము తన జూదపు చట్టమును సవరించి, అంతర్జాలమున డబ్బు పెట్టి యాడు ఆటలను నిషేధించినది. 2025వ సంవత్సరమున కేంద్రప్రభుత్వమును దేశమంతటికి వర్తించునట్టి శాసనమొకటి చేసినది. వాకిలి మూయబడినది గాని కిటికీ తెఱచియే యున్నది. ఆ కిటికీమీద వ్రాసియున్న పేరు "పార్ట్‌టైము క్రిప్టో ట్రేడింగు".

మన హబ్సిగూడనే చూడుడు. తార్నాకనుండి ఉప్పలునకు పోవు బాటపై దేశమునకు గర్వకారణములైన విజ్ఞానశాలలు గలవు. వాని కెదుట, వీథివీథికి వెలసిన హాస్టళ్లలో, పోటీపరీక్షలకు చదువుకొను యువకులు గలరు. నాచారము కార్ఖానాలలో షిఫ్టు ముగించుకొని యిల్లు చేరు కార్మికులు గలరు. మెట్రో దిగి కూరగాయల సంచితో నడచిపోవు చిన్నజీతపు ఉద్యోగులు గలరు. వీరందఱి చేతిలోను సెల్‌ఫోను గలదు. వీరిలో పలువురికి నెల చివర మిగులునది వేయియో, రెండువేలో, లేక యేమియు లేదో. వీరి నుద్దేశించి తెఱలోని యుపదేశకుడు ఇట్లు పలుకుచున్నాడు: "ఉద్యోగము మానవలదు. రోజునకు రెండు గంటలు చాలును. నూఱు రూపాయలతోనైనను మొదలుపెట్టవచ్చును. పోయిన నూఱే కదా!"

నూఱు రూపాయలతో మొదలుపెట్టవచ్చుననుట నిజమే. పోయిన నూఱే యనుట మాత్రము అబద్ధము. చిన్న మొత్తము ఈ వ్యాపారమున రక్షణ కాదు, ఎఱ. కొంచెపు డబ్బు కలవానికి ఇది యుపాదాయము కాజాలదనియు, కొంచెపు డబ్బు కలవానినే ఇది యెక్కువగా చెఱచుననియు, వానిని దీనిలోనికి దింపువారు వాని నష్టమునందును లాభము పొందుచున్నారనియు నిరూపించుటయే మా యుద్దేశము.

మొదట మేము చెప్పని మాట లేవో చెప్పవలయును. లేనిచో మమ్ము కాలమెఱుగని ఛాందసులని త్రోసిపుచ్చుట సులభము. బిట్‌కాయిన్ అనునది వట్టి మాయ యని మేము చెప్పుట లేదు. సతోషి నకమోటో అను పేరుతో 2008లో ప్రకటింపబడిన యొక వ్యాసమునుండి పుట్టి, 2009 జనవరినుండి నడచుచున్న యీ యేర్పాటు బుద్ధిమంతుల సృష్టియే. ఏ యొక్క బ్యాంకు చేతిలోను లేక, వేలకొలది యంత్రములు ఒకే చిట్టాను దగ్గఱ నుంచుకొని, ఒకదాని లెక్క నింకొకటి సరిచూచుకొనుట దీని రహస్యము. మొత్తము నాణెములు 2 కోట్ల 10 లక్షలకు మించకుండునట్లు నియమము గలదు. దీనిని కొనుట నేరమనియు మేము చెప్పుట లేదు. 2018 ఏప్రిల్ 6న రిజర్వు బ్యాంకు, ఇట్టి వ్యాపారము చేయు సంస్థలతో బ్యాంకులు లావాదేవీలు జరుపరాదని యుత్తరువు చేయగా, 2020 మార్చి 4న సుప్రీముకోర్టు ఆ యుత్తరువును కొట్టివేసినది. కలిమి గలవాడు తన సొత్తులో నొక పాలు దీనిలో పెట్టి పదేండ్లు మఱచిపోయినచో అది వాని యిష్టము. మా వాదము వానితో కాదు. తీఱిక వేళలందు, కొద్ది డబ్బుతో, నేర్చుకొనుచు, దినదినము కొని యమ్ముచు సంసారమునకు రెండవ సంపాదన తెచ్చుకొమ్మను బోధతోనే మా వాదము.

ఇప్పుడు లెక్కకు వత్తము. మేము బడిపంతులము గావున లెక్క వేయనిదే యే మాటయు నమ్మలేము. ఒక యువకుడు 5,000 రూపాయలతో ఈ పని మొదలుపెట్టినాడనుకొందము. వాడు మిక్కిలి నేర్పరి యనియే యనుకొందము. ఏడాదికి నూటికి 20 వంతున లాభము గడించినాడు. లాభము 1,000 రూపాయలు. దానిపై నూటికి 30 పన్ను, ఆ పన్నుపై నూటికి 4 సెస్సు, కలిసి 312 రూపాయలు పోగా మిగిలినది 688. వాడు రోజునకు రెండు గంటలు చొప్పున ఏడాదిలో 730 గంటలు తెఱవంక చూచుచు గూర్చున్నాడు. గంటకు వాని సంపాదన యొక రూపాయియైనను లేదు. వాడు మహాద్భుతముగా పెట్టుబడిని రెట్టింపు చేసినాడనుకొన్నను, పన్ను పోగా మిగులునది 3,440. గంటకు అయిదు రూపాయలు పడదు. టీకొట్టులో గ్లాసులు కడుగువాని కూలి దీనికి పెక్కు రెట్లు గదా!

ఓడిపోయినవాని సంగతి మేమింకను చెప్పనేలేదు. ఇది గెలిచినవాని లెక్క. పెట్టుబడి చిన్నదైనపుడు గెలుపుకూడ కూలికి చాలదు. ఈ సత్యమును శిష్యుడు రెండుమూడు నెలలలో తనంతట తానే కనిపెట్టును. అప్పుడు వాడు మానునా? మానడు. "పద్ధతి మంచిదే, పెట్టుబడి చాలలేదు" అని యనుకొనును. ఎఱ మ్రింగిన చేపకు గాలము తగులుట యిచ్చటనే.

పెట్టుబడి పెంచుకొనుటకు వానికి రెండు త్రోవలు చూపబడును. మొదటిది లివరేజి. నీవు 5,000 పెట్టుము, 20 రెట్లు మేము కలిపి లక్ష రూపాయల పందెము నీ పేర నడపుదుమని ఫ్యూచర్సు వ్యాపారము చేయు సంస్థ పలుకును. లక్షకు నూటికి 5 పెరిగినచో వానికి 5,000 వచ్చును. నూటికి 5 తగ్గినచో వాని 5,000 మొత్తము పోవును. మరల ధర పెరిగినను వానికి ప్రయోజనము లేదు. వాని పందెము అప్పటికే మూయబడియుండును. ఈ బజారున నూటికి 5 తగ్గుట యెంత యరుదైన సంగతి? 2021 మే 19న బిట్‌కాయిన్ ధర ఒక్క దినములో నూటికి 30 వఱకు పడి, కొంత లేచినది. 2025 అక్టోబరు 10న ధరలు కూలినపుడు, ఒక్క దినములోపల ప్రపంచమంతట 1,900 కోట్ల డాలర్లకు మించిన యిట్టి పందెములు బలవంతముగా మూసివేయబడినవని లెక్కలు వచ్చినవి. ఆ రాత్రి నిదురించి తెల్లవాఱి లేచినవాడు, తాను చేసిన తప్పేమో తెలియకయే తన మొత్తమును పోగొట్టుకొనియుండును. పార్ట్‌టైము వర్తకుడు నిదురింపకుండుట యెట్లు? ఈ బజారు ఇరువదినాలుగు గంటలును తెఱచియే యుండును. వాడు మాత్రము ఉదయము షిఫ్టునకు పోవలయును.

రెండవ త్రోవ అప్పు. స్నేహితుని చేబదులు, ఇల్లాలి చీటిపాట డబ్బు, చెల్లెలి ఫీజునకు దాచినది, ఇవి యన్నియు చాలనపుడు సెల్‌ఫోనులోనే దొరకు తక్షణ ఋణము. ఆ ఋణపు యాపులు మన యూరికి క్రొత్తవి కావు. 2020 డిసెంబరున అప్పు వసూలుదారుల వేధింపులకు తాళలేక కొందఱు ప్రాణములు తీసికొనగా, హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు ఆ సంస్థలపై కేసులు పెట్టి పెక్కుమందిని నిర్బంధించిరి. నూఱు రూపాయలతో మొదలైన కథ అచ్చటికి చేరుటకు చాల యేండ్లు పట్టదు. పోయిన నూఱే యన్న యుపదేశకుడు ఆ మెట్టునొద్ద కనబడడు.

పన్నుల విషయము తెఱలోని గురువు తొందరగా దాటివేయును. మేము నిదానముగా చెప్పుదుము. 2022 ఏప్రిల్ 1నుండి ఈ లాభములపై నూటికి 30 పన్ను విధింపబడినది. మొదటి విశేషము: స్వల్పాదాయము గలవారికి తక్కిన సంపాదనలో నుండు ప్రాథమికపు మినహాయింపు దీనికి లేదు. లక్షాధికారియు, హాస్టలు విద్యార్థియు ఒకే రేటున కట్టవలయును. రెండవ విశేషము: ఒక నాణెమునందలి నష్టమును ఇంకొక నాణెమునందలి లాభముతో సరిపెట్టుకొనుటకు వీలు లేదు. ఏడాదిలో ఒకదానిమీద 10,000 లాభము, వేఱొకదానిమీద 9,000 నష్టము వచ్చినదనుకొనుడు. మన లెక్కకు నికరలాభము 1,000. చట్టపు లెక్కకు లాభము 10,000. పన్ను, సెస్సు కలిసి 3,120. వెయ్యి గెలిచినవాడు 2,120 చేతినుండి పెట్టుకొనవలసివచ్చినది! పదిసార్లు కొని యమ్ముటయే యీ వృత్తి. పదింటిలో నాలుగైదు తప్పుట సహజము. అట్టి వృత్తికే యీ నియమము ఉరిత్రాడు.

మూడవ విశేషము: 2022 జూలై 1నుండి ప్రతి యమ్మకపు మొత్తమునందును నూటికి ఒక రూపాయి మూలముననే కోతపడుచున్నది. ఏడాది చివర లెక్క దాఖలు చేసినచో అది సర్దుబాటగును. అంతవఱకు ఆ డబ్బు మన చేత నుండదు. లాభనష్టములు రెండును లేకుండ 69 సార్లు కొని యమ్మినవాని పెట్టుబడిలో సగము ఈ కోతకే పోయి నిలిచియుండును. దీనికి తోడు ఎక్స్ఛేంజివారి రుసుము, ఆ రుసుముపై జి.ఎస్.టి. వేఱుగా గలవు. ఈ కోతను తప్పించుకొనుటకు విదేశపు యాపులకు పొమ్మని సలహా చెప్పువారును గలరు. అట్టి సంస్థలు తొమ్మిదింటికి, మన చట్టమునకు లోబడలేదని, 2023 డిసెంబరున కేంద్రపు ఆర్థిక నిఘా విభాగము తాఖీదు లిచ్చినది. చట్టము దాటి దాచిన డబ్బు పోయినచో ఏ చట్టము నాశ్రయింతుము?

"ప్రభుత్వము పన్ను తీసికొనుచున్నది గావున ఇది మంచి వ్యాపారమే" అను వాదము చదువుకొన్నవారి నోటకూడ వినుచున్నాము. ఇది తర్కము కాదు. కౌటిల్యుని యర్థశాస్త్రమున జూదశాలకు అధ్యక్షుడుండును; గెలిచిన ధనమునుండి నూటికి అయిదు రాజునకు చేరును. ఆ మాత్రమున కౌటిల్యుడు ప్రజలను జూదమాడి బ్రతుకుమన్నాడా? నేటి యాదాయపు పన్ను చట్టమునందును లాటరీకిని, గుఱ్ఱపు పందెమునకును, పేకాట గెలుపునకును రేటు నూటికి 30యే. మన శాసనకర్తలు క్రిప్టో లాభమునకును ఆ రేటునే విధించిరి. 2022 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ గారు రాజ్యసభలో, తాము దీనిని ఇప్పుడు చట్టబద్ధము చేయుటయు లేదు, నిషేధించుటయు లేదని స్పష్టముగా చెప్పియున్నారు. పన్ను రసీదును ఆశీర్వాదపత్రముగా చదువుకొనుట మన చదువునకే యవమానము.

ఇక "నేర్చుకొన్నచో గెలువవచ్చును" అను మాట. విద్య యనగానే మన గృహములలో గౌరవము గలదు. ఆ గౌరవమునే వీరు వాడుకొనుచున్నారు. కొవ్వొత్తుల పటములు, గీతలు, రేఖలు చూపి, ఇచ్చట కొనుము, అచ్చట అమ్ముము అని పాఠము చెప్పుదురు. ఎన్.జి.ఆర్.ఐ. యని మనమందఱము పిలుచుకొను జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ మన హబ్సిగూడలోనే యున్నది. అచ్చటి శాస్త్రజ్ఞులు దశాబ్దములుగా భూమి కదలికలను కొలుచుచున్నారు. వారి యొద్దనున్న యంత్రములును, పటములును సామాన్యములు కావు. అయినను ఫలాని దినమున, ఫలాని గంటకు భూకంపము వచ్చునని వారు చెప్పరు. చెప్పజాలమనుటయే వారి శాస్త్రనిష్ఠ. ఆ గోడ కీవలి ప్రక్క, ఒక గదిలో గూర్చున్న యువకునికి, రానున్న పదునైదు నిమిషములలో ధర యెటు కదలునో సెల్‌ఫోనులోని గురువు చెప్పుచున్నాడు! ఏది విద్య, ఏది విద్యావేషమో తెలిసికొనుటకు ఇంతకంటె దగ్గఱి నిదర్శనము వలయునా?

నిదర్శనము చాలనివారికి సంఖ్యలు గలవు. అంతర్జాతీయ పరిష్కరణల బ్యాంకునకు చెందిన యార్థికవేత్తలు 2015 మొదలు 2022 వఱకు 95 దేశములలో క్రిప్టో యాపులు వాడినవారి లెక్కలు పరిశీలించి, బిట్‌కాయిన్‌లో ప్రవేశించినవారిలో నూటికి 73 మొదలు 81 మంది వఱకు నష్టపోయియుందురని యంచనా వేసిరి. ధర పెరుగునపుడే క్రొత్తవారు గుంపుగా ప్రవేశించిరనియు, అదేసమయమున పెద్ద మొత్తములు గలవారు అమ్ముకొనిరనియు వారు కనుగొన్నది మఱింత ముఖ్యము. 2021 నవంబరున 69,000 డాలర్ల చేరువకు పోయిన బిట్‌కాయిన్ 2022 నవంబరున 16,000 దరికి పడినది. 2025 అక్టోబరున 1,25,000 దాటినది. శిఖరమును చూచి వచ్చినవాడు లోయలో అమ్ముకొని పోవును. గురువు మాత్రము శిఖరములనే పటము కట్టి చూపును.

దీనికి జ్ఞాతియైన షేర్ల ఫ్యూచర్సు, ఆప్షన్ల బజారున మన దేశపు లెక్క ఇంకను స్పష్టము. సెబీ 2024 సెప్టెంబరున ప్రకటించిన యధ్యయనము ప్రకారము మూడేండ్లలో ఈ వ్యాపారము చేసిన కోటిమందికి పైగా వ్యక్తులలో నూటికి 93 మంది నష్టపోయిరి. తలకు సగటున 2 లక్షలు, మొత్తము 1 లక్ష 80 వేల కోట్లకు పైగా పోయినవి. వీరిలో నాల్గింట మూడువంతులమంది 5 లక్షలకు లోపు వార్షికాదాయము గలవారే. బ్రెజిలు దేశమున 300 దినములకు మించి పట్టుదలతో దినవర్తకము చేసినవారిని పరిశోధకులు పరిశీలింపగా నూటికి 97 మంది నష్టపోయిరి. ఆ దేశపు కనీస వేతనమునకు మించి సంపాదించినవారు నూటికి ఇంచుమించు ఒక్కరు. అభ్యాసము కూసు విద్య యని సామెత గలదు. ఈ విద్యలో అభ్యాసము నష్టమునే పెంచినట్లు కనబడుచున్నది.

అట్లయిన నేర్పువారు బ్రతుకుట యెట్లు? ఇది యడుగవలసిన ప్రశ్న. ఎక్స్ఛేంజికి కొనువాని యొద్దను రుసుము, అమ్మువాని యొద్దను రుసుము. గెలిచినవాడును ఓడినవాడును దానికి సమానమే. గురువు తన లింకు ద్వారా శిష్యుని చేర్చినచో, పెక్కు సంస్థలు ఆ శిష్యుడు కట్టు రుసుములో నొక పాలు గురువున కిచ్చును. కావున శిష్యుడు తఱచు కొని యమ్మిన గురువునకు లాభము. శిష్యుడు ఓపికపట్టి యూరకున్న గురువునకు నష్టము. శిష్యుని క్షేమమును గురువు లాభమును ఎదురెదురుగా నిలిపిన గురుకులము లోకమున మఱియొకటి యున్నదా? తాను చెప్పిన పద్ధతితో నిజముగా ధనము వచ్చుచున్నచో, వాడు 999 రూపాయలకు పాఠములు అమ్ముకొను నగత్య మేమి?

వర్తకమను పేరుకూడ దీనికి తగదు. వర్తకుడు సమృద్ధిగా నున్నచోటి సరకును కొఱతగా నున్నచోటికి చేర్చును. వాని లాభము ఆ సేవకు కూలి. రైతు కమ్మిన విత్తనము పైరగును. నేతవాని కిచ్చిన నూలు బట్టయగును. ఉదయము కొని మధ్యాహ్నము అమ్మిన నాణెమున ఏమి పండినది, ఏమి నేయబడినది? ఆ కొద్ది గంటలలో నొకనికి వచ్చినది మఱియొకని నుండి పోయినదే. మధ్యను రుసుములు, పన్నులు తఱిగిపోవును గావున వచ్చినదానికంటె పోయినదే యధికము. ఋగ్వేదము పదియవ మండలమున జూదరి దుఃఖమునకు ప్రత్యేకముగా నొక సూక్తమే గలదు. అందలి జూదరి యిల్లాలికి దూరమై, అప్పులపాలై, రాత్రివేళ పరుల యిండ్ల చుట్టు తిరుగును. తుదకు వానికి చేయబడు బోధ పాచికలు మాని పొలము దున్నుకొమ్మనియే. మూడువేల యేండ్ల నాటి యా జూదరికి తాను జూదరినని యైన తెలియును. నేటి యువకునికి "ట్రేడరు" అను బిరుదిచ్చి, ఆ తెలివినికూడ దోచుకొనుచున్నారు.

గెలుపోటముల సంగతి యట్లుండగా, పెట్టిన డబ్బు పెట్టినచోట నుండునా యనునది వేఱు ప్రశ్న. 2024 జూలై 18న వజీర్ఎక్స్ అను ప్రసిద్ధమైన భారతీయ ఎక్స్ఛేంజినుండి ఇంచుమించు 2,000 కోట్ల రూపాయల విలువగల నాణెములు దొంగిలింపబడినవి. అందు ఖాతా గలవారు తమ నాణెములు తీసికొనుటకు వీలులేక, సింగపూరు న్యాయస్థానము అంగీకరించిన పరిష్కారము ప్రకారము 2025 అక్టోబరున ద్వారములు మరల తెఱచువఱకు, పదునైదు నెలలు వేచియుండవలసివచ్చినది. బ్యాంకు మునిగినచో 5 లక్షల వఱకు డిపాజిటునకు బీమా గలదు. ఇచ్చట అట్టి బీమా లేదు.

"పార్ట్‌టైము" అను మాటయే మన నగరమున నెట్టి పని చేసినదో మఱువరాదు. 2023 జూలైలో హైదరాబాదు పోలీసులు 712 కోట్ల రూపాయల మోసమొకటి బయటపెట్టిరి. తీఱిక వేళ సెల్‌ఫోనులో చిన్నచిన్న పనులు చేసి సంపాదింపుమని పిలిచి, మొదట చిన్న మొత్తమునకు చిన్న లాభము నిజముగానే చెల్లించి, నమ్మకము కుదిరిన పిమ్మట పెద్ద మొత్తములు కట్టించుకొని, ఆ ధనమును క్రిప్టోగా మార్చి దేశము దాటించిరి. దేశమంతట 15,000 మంది దీనిలో నష్టపోయిరని పోలీసులు చెప్పిరి. వారికిని మొదట చెప్పిన మాట చిన్న మొత్తమే. మొదట చూపిన ముఖము లాభమే. న్యాయముగా నడచు ఎక్స్ఛేంజియు, ఈ దొంగలును ఒకటేయని మేమనుట లేదు. కాని తీఱిక వేళ, కొద్ది డబ్బు, సులభలాభము అను మూడు మాటలకు అలవాటుపడిన చెవికి దొంగ పిలుపునకును దొర పిలుపునకును భేదము తెలియదు. ఈ బోధకులు ఆ యలవాటును ఇంటింట నాటుచున్నారు.

ఇప్పుడొక యాక్షేపమును మేము గౌరవముతో వినవలయును. "అయ్యా, మీకు నెలనెల జీతము గలదు. హబ్సిగూడలో గజము భూమి కొనుట మాకు కలలోని మాట. బంగారము అందదు. ఉద్యోగపు ప్రకటన వచ్చిన పరీక్ష జరుగదు. జరిగిన ఫలితము కోర్టుకెక్కును. పొదుపు ఖాతాపై వడ్డీ ధరల పెరుగుదలకు చాలదు. మాకు మిగిలిన తలుపు ఇదొక్కటే. దానినికూడ మూయుమందురా?" ఈ యువకుని కోపము న్యాయమైనది. వానిని సోమరియనియు, దురాశాపరుడనియు తిట్టు పెద్దలతో మేము ఏకీభవింపము. తాము చవుకగా కొన్న స్థలములు పెరిగి ధనవంతులైనవారు, అదృష్టమును కష్టార్జితమని చెప్పుకొనుచు, పిల్లలకు ఓర్పును బోధించుట వినుటకు వెగటుగా నుండును. కాని కోపము న్యాయమైనంత మాత్రమున త్రోవ న్యాయము కాదు. తలుపులన్నియు మూసియున్న యింట గోడమీద వ్రాసిన తలుపు బొమ్మను తలుపని చూపువాడు, తలుపులు మూసినవానికంటె మేలువాడు కాడు.

ఆ యువకునికి మా సమాధాన మిది. నీ యొద్ద నున్న పెట్టుబడి 5,000 రూపాయలు కాదు. ఆ 730 గంటలు. అయిదువేలకు ఈ లోకము నీకేమియు నీయదు. 730 గంటలకు ఇచ్చును. ఆ గంటలలో కంప్యూటరుపై లెక్కలు వ్రాయుట నేర్చుకొనవచ్చును. నాచారము, ఉప్పలు కార్ఖానాలలో అడుగుచున్న యంత్రపు పని నేర్వవచ్చును. ఇద్దఱు పిల్లలకు గణితము చెప్పినను నెలకు నీ లాభమునకు మించి వచ్చును. అయిదువేలను పోస్టాఫీసులోనో బ్యాంకులోనో ఉంచుము. అది పెరుగుటకు కాదు, జ్వరము వచ్చిననాడు అప్పు చేయకుండుటకు. ఆపద కాచుకొను మొత్తము సమకూడిన పిమ్మట, నెలనెల కొంత, తక్కువ రుసుము గల మ్యూచువల్ ఫండులో వేయుము. ఇది మందకొడి త్రోవయే. ఎవరును నిన్ను ట్రేడరు అనరు. కాని రాత్రి నిదుర పట్టును.

ఇంత చెప్పినను కుతూహలము తీఱనివాడుండవచ్చును. వానికి మేము కొన్ని కట్టడులు చెప్పుదుము. ఆఱునెలల యింటి ఖర్చు వేఱుగా దాచువఱకు తాకరాదు. అప్పు తెచ్చిన రూపాయి యొక్కటియు పెట్టరాదు. లివరేజి గల ఫ్యూచర్సు ముట్టరాదు. కేంద్రపు ఆర్థిక నిఘా విభాగమున నమోదుకాని సంస్థలో ఖాతా తెఱువరాదు. సినిమాకు పెట్టిన డబ్బువలె, పోయినదనియే యెంచి పెట్టవలయును. ప్రతి కొనుగోలును, అమ్మకమును, రుసుమును, పన్నును, వెచ్చించిన గంటలనుకూడ ఒక పుస్తకమున వ్రాయవలయును. అన్నిటికంటె ముఖ్యముగా ఆ పుస్తకము ఇంటివారందఱికి తెఱచియుండవలయును. ఈ కట్టడు లన్నియు పాటించినవానికి ఇది సంపాదన కాదు, వినోదమని తేటపడును. వినోదమని తెలిసి చేయువానితో మాకు తగవు లేదు.

గృహిణులతో నొక మాట. పల్లెలోనైన, పట్టణములోనైన, మగవాని నష్టము ఇల్లాలికి చివర తెలియుట మన గృహముల పాతరోగము. పూర్వము తాకట్టుకు పోయిన గొలుసు పెట్టె తెఱచినపుడు తెలిసెడిది. నేడు సెల్‌ఫోనునకు తాళము గలదు గనుక అదియు తెలియదు. కావున నెలకొక దినము ఇంటిల్లిపాదియు కూర్చుండి జమాఖర్చులు చదువుకొను నాచారము పెట్టుకొనుడు. సంపాదించువాడు చెప్పవలయును, సంపాదింపనివారికి అడుగు హక్కు గలదు. చదువుకొన్న కోడలు లెక్క యడిగిన నిల్లు పరువు పోదు. లెక్క యడుగనందుననే పోవుచున్నది.

ఉపాధ్యాయులతో నింకొక మాట. నూటికింత యను లెక్కను మనము బడిపిల్లలకు చెప్పుచున్నాము. అందు ఎప్పటివలె పండ్ల దుకాణమును, బ్యాంకు వడ్డీని మాత్రమే చూపుచున్నాము. సగము పోయిన పెట్టుబడి మరల మొదటికి వచ్చుటకు నూటికి 50 కాక నూటికి 100 పెరుగవలయునని ఎందఱు పిల్లలకు చెప్పితిమి? ఇరువది రెట్ల పందెమున నూటికి అయిదు సర్వనాశమని ఎందఱికి చూపితిమి? తెఱలోని గురువు గణితమును దాచి బోధించుచున్నాడు. బడిలోని గురువు గణితమును జీవితమునకు దూరముగా నుంచి బోధించుచున్నాడు. ఈ రెంటి నడుమనే మన పిల్లలు మోసపోవుచున్నారు.

మీ యింటి యువకుడు "నూఱు రూపాయలే కదా" యని యన్ననాడు వానిని కసరకుడు. కసరినచో రహస్యముగా చేయును. కాగితమును కలమును తెచ్చి వాని ప్రక్క గూర్చుండుడు. పెట్టుబడి యెంత, గంటలెన్ని, పన్నెంత, రుసుమెంత, మిగులునదెంత యని యడిగి, ఆ లెక్కను వాని చేతనే చేయింపుడు. ఆ లెక్క పూర్తియగునప్పటికి మీరు వేఱుగా బోధింపవలసిన దేమియు నుండదు.